డ్రైవరు లేని బండి కళ్ళకు గంతలు కడితే?

ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుండి సంగారెడ్డి మీదుగా పటాన్‌చెరు వైపు వెళ్ళే విద్యార్థులకు దారిలోని కంది గ్రామం తెలిసే ఉంటుంది. అక్కడ ఐ.ఐ.టి. హైదరాబాదు ప్రాంగణంలో 'తిహాన్' అనే పరిశోధనా కేంద్రం ఉన్నది. డ్రైవరు లేకుండా నడిచే వాహనాలను, డ్రోన్లను పరీక్షించే స్థలాన్ని అక్కడ 2022 జూలై 4న ప్రారంభించారు. అందులో నాలుగు రోడ్ల కూడళ్ళు, కృత్రిమంగా వర్షం కురిపించే ఏర్పాటు కూడా ఉన్నాయి. 2025లో డ్రైవరు లేని చిన్న బస్సులు ఆ ప్రాంగణంలో మనుషులను ఎక్కించుకొని తిరిగాయి.

డ్రైవరు లేడు సరే, మరి దారి చూసేదెవరు? ఆ చూపును ఎవరైనా మోసగిస్తే ఏమవుతుంది?

బండి ఎలా చూస్తుంది?

ఇటువంటి బండికి కెమెరాలు, రాడార్, లైడార్ కళ్ళవంటివి. లైడార్ లేజర్ కాంతిని విడతలు విడతలుగా పంపుతుంది. ఆ కాంతి ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరాన్ని లెక్కకడుతుంది. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. 30 మీటర్ల దూరంలో ఒక గేదె అడ్డంగా నిలబడి ఉన్నదనుకోండి. కాంతి పోయి రావలసింది 60 మీటర్లు. అందుకు పట్టే కాలం సెకనులో 50 లక్షలవ వంతు మాత్రమే!

ఇక కెమెరా తీసిన బొమ్మ బండికి అంకెల పట్టికగా అందుతుంది. బొమ్మలోని ప్రతి చుక్క రంగు, వెలుగు అంకెలుగా మారుతాయి. వేలాది బొమ్మలు చూపి, 'ఇది మనిషి, ఇది ఆగమనే గుర్తు' అని ముందుగా నేర్పిన కృత్రిమ మేధ ఆ అంకెలలోని పోలికలను పట్టుకుంటుంది. మనకువలె దానికి అర్థం తెలియదు. మోసానికి సందు దొరికేది ఇక్కడే.

కాగితం ముక్కల మాయ

అమెరికా పరిశోధకులు 2018లో ప్రచురించిన ఒక ప్రయోగం చూడండి. 'స్టాప్' అని రాసిన ఎర్రని పలక మీద వారు కొన్ని నలుపు, తెలుపు ముక్కలు అంటించారు. ఏ పిల్లవాడైనా దానిని స్టాప్ పలక అనే చెబుతాడు. కాని వారు తర్ఫీదు ఇచ్చిన యంత్రం దానిని 'గంటకు 45 మైళ్ళ వేగ పరిమితి' అని చదివింది! లైడార్‌కు దొంగ కాంతిని పంపి, లేని వస్తువును ఉన్నట్లు భ్రమింపజేయవచ్చునని 2015లోనే మరికొందరు చూపారు.

కళ్ళనే కాదు, చేతులను కూడా లాక్కోవచ్చు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు నిపుణులు ఇంట్లో కూర్చొని, రహదారిమీద పోతున్న ఒక జీపును ఇంటర్నెట్ ద్వారా వశం చేసుకొని నెమ్మదింపజేశారు. అది డ్రైవరు నడిపే బండే. పాటలు వినిపించే పరికరం ద్వారా వారు లోపలికి చొరబడ్డారు. లోపాన్ని సరిచేయడానికి కంపెనీ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలిచింది.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు దూసుకుపోతుంది. బండి ఒక్క సెకను మోసపోయినా, రోడ్డు దాటుతున్న పిల్లవాని ప్రాణానికే ముప్పు.

రక్షణ ఏమిటి?

మొదటిది, ఒక్క సాక్షిని నమ్మకపోవడం. కెమెరా చెప్పినదానిని లైడారుతో, రాడారుతో, దారి పటంతో సరిపోల్చాలి. సాక్ష్యాలు కలవకపోతే బండి వేగం తగ్గించుకొని భద్రంగా ఆగాలి. రెండవది, పాటల పరికరానికీ బ్రేకులకూ మధ్య గట్టి అడ్డుగోడ ఉండాలి. మూడవది, బండిలోకి వచ్చే ప్రతి కొత్త ప్రోగ్రాము అసలైన తయారీదారు నుండే వచ్చినదని రహస్య సంకేతాలతో రుజువు కావాలి. నాలుగవది, నేర్పేటప్పుడే మాసిన, చెరిపిన పలకల బొమ్మలను కూడా చూపాలి. 2021లో అమలులోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి 155వ నిబంధన వాహనాలకు ఇటువంటి సైబర్ రక్షణ ఉండాలని చెబుతుంది.

మన దారి పలకల మీద పోస్టర్లు అంటించి ఉండడం మీరు చూసే ఉంటారు. మనిషి ఎలాగో ఊహించుకొని పోతాడు. యంత్రానికి ఆ ఊహ లేదు. రేపు బడికి వెళ్ళేటప్పుడు దారిలోని పలకలను లెక్కించండి. వాటిలో ఎన్నింటిని యంత్రం తడబడకుండా చదవగలదో మీ తరగతిలో చర్చించండి.