తైలవర్ణచిత్రమునకు వెలకట్టుట

ఇంగ్లండు దేశమున డర్హం మండలమునందు బార్నార్డ్ కాసిల్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి బోస్ మ్యూజియపు గిడ్డంగిలో ఒక కులీన స్త్రీ తైలవర్ణచిత్రము చిరకాలము పడియుండెను. మురికియు, వార్నిషు పొరలును దాని రంగులను మరుగుపరచెను. అది వాన్ డైక్ చిత్రమునకు ఎవరో వ్రాసిన నకలని తలంచిరి. నకలుగా దాని వెల మూడు వేలు మొదలు ఐదు వేల పౌనుల వరకు ఉండెను. 2013వ సంవత్సరమున అదే చిత్రము పది లక్షల పౌనుల వరకు విలువ చేయునని అంచనా వేసిరి.

ఇంత భేదమునకు కారణమేమి? ఆంట్వెర్ప్ నగరమున 1599లో జన్మించిన ఆంథొనీ వాన్ డైక్ బరోక్ కాలపు చిత్రకారులలో అగ్రగణ్యుడు. 1632లో లండను చేరి ఒకటవ చార్లెసు రాజు ఆస్థానమున కుదురుకొనెను, 1641లో మరణించెను. ఆయనకు సహాయకులు పెక్కురు. ఒకే చిత్రమునకు పలు ప్రతులు వ్రాయించి బంధువుల ఇండ్లలో ఉంచుకొనుట ఆనాటి ఆచారము. కావున నకలు వ్రాసినవారందరు మోసగాండ్రు కారు. అయినను, గురువు స్వయముగా వ్రాసినదానికిని, శిష్యులు వ్రాసినదానికిని, తరువాతివారు చూచి వ్రాసినదానికిని వెల ఒక్కటి కాదు.

పరీక్షకుడు మొట్టమొదట చిత్రమును వెనుకకు త్రిప్పి చూచును. గుడ్డ నేత, కొయ్యచట్రము, మేకులు, పూర్వపు యజమానుల ముద్రలు అచ్చట కనబడును. క్రొత్త గుడ్డ కనబడినంతమాత్రమున చిత్రము క్రొత్తదని చెప్పరాదు. జీర్ణించిన గుడ్డకు బలముకొరకు వెనుక మరియొక గుడ్డ అంటించుట కలదు. స్త్రీ ధరించిన దుస్తులును, తలకట్టును కాలమును సూచించును. కాని నకలు వ్రాయువాడు వానిని కూడ యథాతథముగా దించును గదా!

రంగులు ఇంతకంటె గట్టి సాక్షులు. ప్రష్యన్ నీలమను రంగు పదునెనిమిదవ శతాబ్ది ఆరంభమున బెర్లిన్ నగరమున పుట్టినది. అది చిత్రపు మూలవర్ణములలోనే ఉన్నచో, ఆ చిత్రము వాన్ డైక్ వ్రాసినది కానేరదు. పైపై మరమ్మతులో మాత్రమే ఉన్నచో దోషము లేదు. అట్టి మరమ్మతులు అతినీలలోహిత కిరణములలో తరచుగా నల్లని మచ్చలవలె కనబడును.

ఎక్స్-రే కిరణములు మరింత లోతునకు పోవును. సీసపు తెలుపు ఆ కిరణములను అడ్డగించుటచే అడుగున దాగిన రూపము ఛాయాపటమున తేటపడును. చేతిని ముందొకచోట వ్రాసి, పిమ్మట జరిపిన జాడ అందు కనబడవచ్చును. స్వయముగా ఊహించి వ్రాయువాడు అట్లు మనసు మార్చుకొనును. పూర్తియైన చిత్రమును ఎదుట ఉంచుకొని వ్రాయువానికి ఆ అవసరము అరుదు. ఇన్ని పరీక్షలును "ఇది ఆయనది కాదు" అని రుజువు చేయగలవు. "ఆయనదే" అని నిశ్చయించుటకు మాత్రము అనుభవముగల కన్ను కావలయును.

బోస్ మ్యూజియపు చిత్రమునకు అట్టి కన్నే మేలు చేసెను. ప్రజాసంస్థలలోని తైలవర్ణచిత్రములకు ఫోటోలు తీసి అంతర్జాలమున ఉంచగా, బెండర్ గ్రోవ్‌నర్ అను కళాచరిత్రకారుడు ఈ మసకబారిన చిత్రమును చూచి అనుమానించెను. మురికిని, వార్నిషును తొలగించిన పిమ్మట, వాన్ డైక్ చిత్రములయందు పండితుడైన క్రిస్టఫర్ బ్రౌన్ పరిశీలించి, అది వాన్ డైక్ స్వహస్తముతో వ్రాసినదే యని నిర్ధారించెను. అందలి స్త్రీ ఒలీవియా పోర్టరు. హెన్రియెట్టా మరియా రాణికి సఖి, రాజమిత్రుడగు ఎండిమియన్ పోర్టరునకు భార్య.