భూప్రదక్షిణము చేయు తెరచాప పడవలు: పాతవియు, క్రొత్తవియు

తెరచాప గట్టిన చిన్న పడవపై లోకమును చుట్టివచ్చువారు నేటికిని గలరు. వారి పడవలో సరకు లేదు; యానమే వారికి ప్రయోజనము. అట్టి పడవలు గడచిన అరువది యేండ్లలో మిక్కిలి మార్పు జెందినవి. ఆ మార్పును గ్రహించుటకు, మన దేశముననే నిర్మింపబడిన రెండు పడవలను ప్రక్కప్రక్కన నిలిపి చూతము.

మొదటిది సుహైలి. ఇది బొంబాయిలో టేకుకఱ్ఱతో కట్టబడినది. పొడవు 32 అడుగులు, స్తంభములు రెండు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ అను ఆంగ్లేయుడు దీనిపై 1968 జూన్ 14వ తేదీన ఫాల్మత్ రేవును విడిచి, ఎచ్చటను ఆగక, ఒంటరిగా భూమిని చుట్టి, 312 దినములకు, అనగా 1969 ఏప్రిల్ 22వ తేదీన, ఆ రేవునకే మరలివచ్చెను. అంతకు ముందు ఆ కార్యమును సాధించినవా రెవ్వరును లేరు.

రెండవది తారిణి. గోవాలో కట్టబడి 2017లో భారత నౌకాదళమున జేరినది. పొడవు 56 అడుగులు. దీని గోడలు నడుమ కఱ్ఱయు, దానిపై జిగురుతో నంటించిన గాజునారయు గలవి. 2017 సెప్టెంబరులో వర్తికా జోషీ నాయకత్వమున ఆరుగురు స్త్రీలు దీని నెక్కి, నడుమ కొన్ని రేవులలో నాగుచు, 2018 మే నెలలో గోవాకు తిరిగివచ్చిరి. ఆ ఆరుగురిలో విశాఖపట్టణపు పి. స్వాతియు, హైదరాబాదు వాస్తవ్యురాలగు బొడ్డపాటి ఐశ్వర్యయు ఉండుట మనకు సంతోషకరము.

పడవలకు ప్రాణము అడుగుననున్న వెన్నుదూలమే. ప్రక్కనుండి వీచు గాలి పడవను ముందునకే గాక ప్రక్కకును నెట్టును. ఆ ప్రక్కజరుగుడును అడ్డుకొనునది వెన్నుదూలము. పడవ బోర్లపడకుండ నిలుపు బరువు గూడ దానియందే యుండును. పాతపడవలలో నిది అణియము దరినుండి అమరమువఱకు పొడవుగా సాగి, దాని చివరనే చుక్కాని అమర్చబడి యుండును. (అమరము అను మాట బైబిలులో పౌలుగారి ఓడప్రయాణమును చదివినవారికి క్రొత్తది కాదు.) నేటి పడవలలోనో, వెన్నుదూలము పడవ నడుమ చేప ఱెక్కవలె కురుచగా, లోతుగా దిగును, సీసమో ఇనుమో దాని కొనయందు కూర్పబడును, చుక్కాని వేఱుగా వెనుక వ్రేలాడును.

ఱెక్కవంటి వెన్నుదూలమునకు నీటిరాపిడి తక్కువ. కావున పడవ చుఱుకుగా మఱలును, గాలికి ఎదురుగా మఱింత దగ్గఱి దిక్కున సాగగలదు. పొడవైన వెన్నుదూలము గలది మందముగా మఱలును గాని, ఒకసారి దారి పట్టినచో దానిని సులభముగా విడువదు. సుహైలికి చుక్కాని పట్టు సాధనము నడుమదారిలో విఱిగిపోయెను. అంతట నావికుడు తెరచాపలను తగురీతిని సవరించి, చుక్కాని పిడిని త్రాటితో బిగించి నిద్రించినను, పడవ తనంతట తాను దారి నడచెను. నేటి తేలికపడవ అంత ఓర్పు గలది కాదు. దానికి నిరంతరము చేయియో యంత్రమో కావలెను, ఆ యంత్రములలో పెక్కింటికి విద్యుత్తు కావలెను.

వేగమును గూర్చి యొకమాట. క్రొత్తపడవ వేగమంతయు క్రొత్తదనము వలననే వచ్చినదని తలచుట సరికాదు. నీటి మట్టమున పడవ పొడవెన్ని అడుగులో, దాని వర్గమూలమును 1.34 చే గుణించిన, బరువైన పడవ చేరగల వేగము గంటకు ఇన్ని సముద్రపు మైళ్ళని సుమారుగా తెలియును. 25 అడుగులకు 6.7, 49 అడుగులకు దాదాపు 9.4. పొడవైన పడవ పాతదైనను వేగముగానే పోవును! సుహైలి సగటు వేగము గంటకు నాలుగు మైళ్ళే.

ఇక మరమ్మతు. సుహైలి పలకల సందులనుండి నీరు లోనికి వచ్చుచుండగా నావికుడు నడిసముద్రమున నీటిలో మునిగి, సందులలో దూది కూరి, పైన రాగిరేకు దిగగొట్టెను. గాజునార పడవకు సందులే లేవు. ఇది గొప్ప లాభము. అయితే ఱెక్కవంటి వెన్నుదూలమును మరలతో బిగింతురు. ఆ బిగింపు చెడిన, నడికడలిలో చేయగలది స్వల్పము. 2014లో అట్లాంటిక్ మహాసముద్రమున చీకీ రఫీకీ అను పడవకు వెన్నుదూలము ఊడిపోయి, అందలి నలుగురును మరణించిరి.

దీనినిబట్టి పాతదే క్షేమకరమని తేల్చవచ్చునా? అభిలాష్ టామీ అను మన నౌకాదళ మాజీ అధికారి కథ వినుడు. ఆయన తారిణి వంటిదే యగు మ్హాదేయి అను పడవపై 2012 నవంబరు 1వ తేదీన ముంబయి విడిచి, ఎచ్చటను ఆగక, ఒంటరిగా సుమారు 150 దినములలో లోకమును చుట్టివచ్చెను. పిదప 2018లో పాతరీతి పడవలకు మాత్రమే ప్రవేశముగల గోల్డెన్ గ్లోబ్ పందెమున, సుహైలికి ప్రతిరూపముగా గోవాలో కట్టిన తురీయ అను పడవతో పాల్గొనెను. సెప్టెంబరు 21వ తేదీన దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులో అది దొరలి, స్తంభములు విఱిగెను. ఆయన వెన్నెముకకు తీవ్రమైన దెబ్బ తగిలెను. మూడు దినముల పిమ్మట నొక ఫ్రెంచి నౌక ఆయనను రక్షించెను. ఆ పందెమును పూర్తిచేసినవారు ఐదుగురే.

నా యభిప్రాయమున, పడవ చిన్నదైనప్పుడు అంతటి అలల యెదుట దాని రూపభేదము కొంతవఱకే పనికివచ్చును. తక్కినది బలమైన స్తంభము, తగిన తెరచాప, తుపాను త్రోవనుండి తొలగగల వేగము. ఈ చివరి గుణమునందు పొడవైన క్రొత్తపడవకే మేలు. దూరయానమున దేహమునకు గలుగు సుఖమునందు, బరువైన పాతపడవ అలలపై మెల్లగా లేచి దిగుటచే, దానిదే పైచేయి.

టామీగారు కోలుకొని 2022లో మరల నదే పందెమున ప్రవేశించెను. ఈసారి ఆయన యెన్నుకొన్నది 36 అడుగుల రస్లర్ పడవ. దాని వెన్నుదూలము పాతరీతిని పొడవైనది. గోడలు కఱ్ఱవి గాక గాజునారవి. 2023 ఏప్రిలులో ఆయన రెండవవాడుగా ఫ్రాన్సు తీరమును జేరెను. ప్రథమురాలుగా వచ్చినది కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ అను దక్షిణాఫ్రికా వనిత. ఆమె పడవయు పొడవైన వెన్నుదూలము గలదే.