చీటీ డబ్బులూ, పాత స్విఫ్టూ, నేనూ

“గాజులకని దాచుకున్న చీటీ డబ్బులతో కారుకి టైర్లు కొన్నావుటే?” అని మా అత్తయ్యగారు అడిగిన రోజున నా దగ్గర జవాబు లేదు. చీటీ పాడితే చేతికొచ్చింది యాభై వేలు. అందులో పద్నాలుగు వేలు అప్పటికే పొగలో కలిపేశానని ఆవిడకి తెలియదు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా కారు 2007 నాటి పెట్రోలు స్విఫ్టు. మా నాన్నగారు కొన్నది. ఆయన పోయాక అమ్మేద్దామనుకుంటే, బేరగాడు చెప్పిన ధర విని ఏడుపొచ్చింది. పదిహేనేళ్ళు నిండాక 2022లో అయిదు వేల ఫీజు కట్టి, ఆర్.సి. మరో అయిదేళ్ళకి రెన్యువల్ చేయించి ఉంచేసుకున్నాను.

చిన్న కారులో చురుకైన ఇంజను పెడితే దాన్ని ‘హాట్ హ్యాచ్’ అంటారు. 1976లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐతో ఆ సరదా లోకానికి బాగా అంటుకుంది. స్విఫ్టుని ఆ పంక్తిలో కూర్చోబెడితే తెలిసినవాళ్ళు నవ్వుతారేమో. కానీ 2005లో మనదేశంలో విడుదలైనప్పటి 1.3 లీటర్ల ఇంజనుకి 87 హార్స్‌పవర్ ఉండేది, బండి బరువేమో ఇంచుమించు ఒక టన్ను. వేడి కాకపోతే గోరువెచ్చన అనుకోండి!

నేను సరదాపడింది ఆటోక్రాస్ మీద. ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒక్కో కారే వెళ్ళాలి, టైము చూస్తారు. కోన్ పడిపోతే సెకన్లు కలుపుతారు. రెండో గేరు దాటే పని దాదాపు ఉండదు. అధికారిక పోటీలకయితే ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. అనే జాతీయ సమాఖ్య లైసెన్సు తీసుకోవాలి. హెల్మెట్, సీటు బెల్టు తప్పనిసరి. ఆడవాళ్ళకి విడిగా క్లాసు పెట్టేవాళ్ళూ ఉన్నారు. “నలభై దాటాక ఇదేం పిచ్చి?” అన్నారు మావారు. ఆయన క్రికెట్ చూస్తూ అరిచే అరుపులకి ఏ వయసూ అడ్డు రాలేదు మరి.

ఇక ఆ పద్నాలుగు వేల సంగతి. ఓ దుకాణంలో కుర్రాడు “మేడమ్, సైలెన్సరు, ఎయిర్ ఫిల్టరు మారిస్తే బండి ఎగిరిపోతుంది” అన్నాడు. నమ్మాను. శబ్దం మాత్రం ఎగిరింది! వారం తిరక్కుండా ట్రాఫిక్ పోలీసు ఆపాడు. కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టే చెప్పిందని నాకు అప్పుడు తెలిసింది. పాత సైలెన్సరు పారేయలేదు కాబట్టి సరిపోయింది.

అసలు భయం ఆ తర్వాత వచ్చింది. ఊరి బయట మైదానంలో ప్రాక్టీసు. మా అమ్మాయి అవతల గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుంది. మొదటి రౌండు బాగుంది, రెండోదీ బాగుంది. మూడోసారి మలుపు దగ్గర బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా నేలదాకా దిగిపోయింది. కారు తిన్నగా గట్టువైపే పోతోంది. గేరు దించి హ్యాండ్‌బ్రేకు లాగాను. నాలుగు కోన్లు ఎగిరాయి. తుమ్మకంపల్లో ఆగింది బండి. మా పిల్ల కూర్చున్నచోటికి పదడుగులు కూడా లేదు. అది నవ్వుతూ చప్పట్లు కొట్టింది. నాకు కాళ్ళు వణుకుతున్నాయి.

మా మెకానిక్ భాయ్ బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూపించాడు. టీ డికాషన్ రంగులో ఉంది. “అమ్మా, దీన్ని మార్చి ఎన్నేళ్ళయింది?” అన్నాడు. ఆ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుందట. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, డాట్ 4 అయితే 230 దాకా ఆగుతుంది. తేమ చేరితే అవే 140, 155 కి పడిపోతాయి. వరసగా గట్టిగా తొక్కితే ఆ వేడికి ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు పుడతాయి. బుడగ నొక్కుకుపోతుంది కానీ బ్రేకు పట్టదు. పప్పు పొంగినట్టే అనుకోండి, మూత కింద ఏం జరుగుతోందో మనకి కనపడదు.

ఆ రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. మిగిలింది ముప్పయ్యారు వేలు. పరిగెత్తించేది కాదు, ఆపేది ముందు. రాణిగంజ్‌లో తిరిగి ముందు చక్రాలకి కొత్త ప్యాడ్లు, పాతబడిన రబ్బరు హోసులకి బదులు కొత్తవి, డాట్ 4 సీసాలు రెండు తెచ్చాను. తర్వాత టైర్లు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి చూడండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. మా పాతవి అరిగినట్టు కనపడలేదు గానీ ఎనిమిదేళ్ళవి, రబ్బరు చెక్కలా అయిపోయింది. పుస్తకంలో చెప్పిన సైజే, కొత్త తేదీవి నాలుగు కొన్నాను. కింద బుష్‌లు, వీల్ అలైన్‌మెంటు, ఇంజనుకి టైమింగ్ బెల్టు. ఇది తెగితే మొత్తం ఖర్చు వేరే సంగతి. హెల్మెట్ కూడా కొన్నాక మిగిలింది పదకొండు వందలు.

బ్రేకుల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల పెడలు తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర నిప్పిలు విప్పాలి. ఆ ఆదివారం మావారు ఊళ్ళో లేరు. మా అత్తయ్యగారు కాసేపు గుమ్మంలో నిలబడి చూసి, చెంగు దోపి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. “ముప్ఫై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాళ్ళు ఇవి. ఎప్పుడు తొక్కాలో చెప్పు చాలు” అన్నారు. భాయ్ “తొక్కండమ్మా, పట్టుకోండి, ఇప్పుడు వదలండి” అంటూ వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాడు. నాలుగు చక్రాలూ అయ్యేదాకా ఆవిడ దిగలేదు. గట్టు సంగతి ఆవిడకి అప్పుడే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఇంకోసారి తొక్కనా?” అన్నారు.

పోటీ రోజున వెనక సీటు, స్టెప్నీ, జాకీ, మ్యాట్లు అన్నీ దించేశాం. బరువు తగ్గుతుందని కాదు, వదులుగా ఉన్న ఏ వస్తువయినా మలుపులో ఎగిరి తలకి తగులుతుంది. ఆడవాళ్ళ క్లాసులో అయిదుగురం. నేను నాలుగోదాన్ని, ఒక కోన్ పడేశాను. మూడు రౌండ్లలోనూ పెడలు గట్టిగానే నిలబడింది.

కొత్త చీటీలో చేరాను. ఈసారి షాక్ అబ్జార్బర్లు మార్చాలి. గాజుల సంగతి అత్తయ్యగారు ఎత్తలేదు. నిన్న సాయంత్రం మాత్రం, “ఆ బ్రేకు నూనె మళ్ళీ ఎప్పుడు మార్చాలన్నాడు?” అని అడిగారు.