తప్పు మనది కాని మోటారు ప్రమాదము: బీమా సొమ్ము రాబట్టు విధము

కారు కొనిన రైతులు నేడు అనేక గ్రామములందు గలరు. వారు ఏటేట ప్రీమియము చెల్లించుచున్నారు గాని పాలసీలో నేమి వ్రాసియున్నదో చదివినవారు అరుదు. ప్రమాదము జరిగిన దినముననే ఆ కాగితము జ్ఞప్తికి వచ్చును. రోడ్డు ప్రక్కన నిలిపిన మన కారును వెనుకనుండి లారి వచ్చి కొట్టినచో, “తప్పు నాది కాదు గదా, సొమ్ము దానంతట అదే వచ్చును” అని తలచుట సహజము. అట్లు వచ్చుట లేదు. తప్పు లేకుండుట వేఱు, లేదని రుజువు చేయగలుగుట వేఱు.

ముందుగా పాలసీ భేదమును గ్రహింపవలయును. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ప్రకారము ప్రతి వాహనమునకును థర్డుపార్టీ బీమా ఉండి తీరవలయును. అది మన వాహనమువలన ఇతరులకు కలిగిన నష్టమునకే గాని మన కారు మరమ్మతునకు పనికిరాదు. మన కారుకు కూడ రక్షణ కావలెనన్నచో ప్యాకేజి పాలసీ తీసికొనవలయును. అట్టి పాలసీ గలవానికి రెండు మార్గములు గలవు: సొంత కంపెనీనుండి పుచ్చుకొనుట, లేక లారి యజమానినుండియు అతని కంపెనీనుండియు రాబట్టుట. థర్డుపార్టీ బీమా మాత్రమే గలవానికి రెండవదే గతి.

మొదటి మార్గము త్వరితమైనది. సర్వేయరు వచ్చి చూచిన పిమ్మట కంపెనీ సొమ్ము చెల్లించును. అయితే 1500 సి.సి. వరకు గల కారునకు సాధారణముగ మొదటి 1,000 రూపాయలు మనమే భరింపవలయును. రబ్బరు, ప్లాస్టికు భాగముల వెలలో సగము తరుగుక్రింద కోయబడును. అంతకంటె ముఖ్యముగ, తప్పు ఎవరిదైనను నోక్లెయిము బోనసు పోవును. ఈ బోనసు మొదటి యేడు 20, తరువాత 25, 35, 45, చివరకు 50 వంతులు నూటికి తగ్గింపు నిచ్చును. కారు నష్టమునకై కట్టు ప్రీమియము 8,000 రూపాయలు, బోనసు 50 వంతులు అనుకొందము. ఒక క్లెయిము చేసినచో మరుసటి యేడు 4,000, ఆపై వరుసగ 2,400, 2,000, 1,200, 400 రూపాయలు అధికముగ చెల్లింపవలసివచ్చును. ప్రీమియము మారదనుకొన్నచో ఐదేండ్లలో మొత్తము 10,000 రూపాయలు. గావున నాలుగైదువేల మరమ్మతునకు సొంత పాలసీని కదలించుట లాభము గాదు. నష్టము పెద్దదైనచో సందేహింప పనిలేదు.

రెండవ మార్గమునకు మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలులో దరఖాస్తు చేయవలయును. ప్రమాదము దూరమున జరిగినను మనము నివసించు ప్రాంతపు ట్రిబ్యునలులోనే చేసికొనవచ్చును. 2022 ఏప్రిల్ 1 నుండి అమలైన సవరణలో దీనికి ఆరు నెలల గడువు చెప్పబడినది. ఇచ్చట లారి డ్రైవరు నిర్లక్ష్యమును మనము రుజువు చేయవలయును. ఒకే నష్టమునకు రెండుచోట్ల సొమ్ము పుచ్చుకొనరాదు. మన కంపెనీ మనకు చెల్లించినచో, ఆ మేరకు లారివారినుండి రాబట్టు హక్కు కంపెనీకి సంక్రమించును.

ప్రాణనష్టముగాని తీవ్రమైన గాయముగాని కలిగినపుడు 164వ సెక్షను వేఱొక ఆధారము చూపుచున్నది. ఎవరి తప్పును రుజువు చేయనక్కఱలేకయే మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు 2½ లక్షల రూపాయలు ఇందు నిర్ణయింపబడినవి. అయితే ఒక మెలకువ అవసరము. కంపెనీ చూపు ఈ పరిహారమును అంగీకరించినచో, అంతకంటె ఎక్కువ కోరుచు ట్రిబ్యునలులో వేసిన దరఖాస్తు రద్దగును. సంపాదించు మనిషిని కోల్పోయిన కుటుంబమునకు 5 లక్షలకంటె చాల యెక్కువ రాదగియుండవచ్చును. న్యాయవాదిని విచారింపక సంతకము చేయరాదు. కొట్టిన వాహనము పాఱిపోయి జాడ తెలియనిచో, 161వ సెక్షను క్రింద మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 రూపాయలు లభించును.

ఇక ప్రమాదస్థలమున చేయవలసిన పనులు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చుట అన్నిటికంటె ముందు. వాహనములు కదలక పూర్వము, నాలుగు ప్రక్కలనుండి ఫొటోలు తీయవలయును. లారి నంబరు, డ్రైవరు పేరు, లైసెన్సు, బీమా కంపెనీ పేరు, చూచినవారి పేర్లు వ్రాసికొనవలయును. ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి నకలు పుచ్చుకొనవలయును. కంపెనీకి ఆలస్యము లేక తెలియజేయవలయును. సర్వేయరు చూడకముందు మరమ్మతు మొదలుపెట్టరాదు.

అన్నిటికంటె హెచ్చుగ జాగ్రత్తపడవలసినది రోడ్డుమీది రాజీవిషయమున. లారి యజమాని అయిదువేలు చేతిలో పెట్టి, “ఇక నాపై ఏ హక్కును లేదు” అని కాగితము వ్రాయించుకొనుట కలదు. గ్యారేజిలో కారు విప్పిన పిమ్మట నష్టము ఏబదివేలని తేలినను ఆ కాగితమే మనకు అడ్డు నిలుచును. మన కంపెనీకి సంక్రమింపవలసిన హక్కును మనమే వదలుకొంటిమని వారును ఆక్షేపింపవచ్చును. ఒక్క సంతకముతో రెండు త్రోవలును మూసికొనిపోవును.

సొంత కంపెనీ అన్యాయముగ నిరాకరించినచో, కారణము వ్రాతమూలముగ అడిగి, కంపెనీ ఫిర్యాదుల విభాగమునకు వ్రాయవలయును. నెలలో సమాధానము రాకున్నను, వచ్చినది తృప్తికరము గాకున్నను, హైదరాబాదులోని ఇన్స్యూరెన్సు అంబుడ్స్‌మనుకు ఏడాదిలోగా ఫిర్యాదు చేసికొనవచ్చును. రుసుము లేదు, న్యాయవాది అక్కఱలేదు.

పట్టాదారు పుస్తకమును భద్రపఱచు రైతు, పాలసీని, లైసెన్సును, ఆర్.సి. నకళ్లను కూడ ఒక్క కట్టగ దాచుకొనవలయును. తప్పు లేనివానికి ఆపత్సమయమున సాక్ష్యము పలుకునవి ఆ కాగితములే.