రెండు సర్వర్లను కలిపే మూడో మనిషి

జూలూరుపాడు లాంటి చిన్న ఊళ్లో కంప్యూటర్ పాఠం చెప్పేవాళ్లకు నెట్ వేగం మీద ప్రశ్నలు కొత్తేమీ కాదు. కానీ ఈమధ్య పదో తరగతి పిల్లాడు అడిగింది అంతకన్నా లోతైనది. "సార్, హైదరాబాద్ సర్వర్లో ఉన్న ఫైలు ముంబయి సర్వర్‌కు పోవాలంటే, ముందు మన కంప్యూటర్లోకి దించుకుని మళ్లీ ఎక్కించాలా?"

మామూలుగా అందరం చేసేది అదే. మన సన్నటి లైను మీద ఫైలు ఒకసారి దిగుతుంది, మరోసారి ఎక్కుతుంది. అలా తిప్పాల్సిన పనే లేదని, ఫైళ్లు పంపడానికి వాడే ఎఫ్‌టీపీ ప్రొటోకాల్ రూపకర్తలు ఏనాడో తేల్చేశారు. ఆ ప్రొటోకాల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క అదే.

ఎఫ్‌టీపీకి మొదటి ముసాయిదా రాసింది మన దేశస్థుడే. అలహాబాద్‌లో పుట్టి, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివిన అభయ్ భూషణ్. ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్ 16న ఆర్‌ఎఫ్‌సీ 114గా దాన్ని బయటపెట్టారు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అప్పటి ఆర్పానెట్‌లో ఒక యంత్రం 36 బిట్ల లెక్కన ఆలోచిస్తే, మరొకటి 8 బిట్ల లెక్కన ఆలోచించేది. అక్షరాలకు కూడా ఒకచోట ఆస్కీ, ఇంకోచోట ఎబ్సిడిక్. ఒకదాని ఫైలు మరొకదానికి అర్థమయ్యేలా చేయడమే ఆ రోజుల్లో పెద్ద తలనొప్పి. తొలినాళ్ల ఈ-మెయిల్ కూడా కొన్నేళ్లపాటు ఎఫ్‌టీపీ మీదే నడిచిందని చాలామందికి తెలియదు.

తర్వాతి సవరణల్లో అసలైన తెలివి వచ్చి చేరింది. మాటకు ఒక దారి, సరుకుకు ఒక దారి. ఆదేశాలు 21వ నంబర్ పోర్టులో మామూలు అక్షరాలుగా నడుస్తాయి. ఫైలు కోసం అప్పటికప్పుడు వేరే కనెక్షన్ తెరుచుకుంటుంది. ఆ రెండో కనెక్షన్ ఏ చిరునామాకు వేయాలో కూడా ఆదేశంగానే చెప్పాలి. ఇక్కడే కిటుకు ఉంది. ఆ చిరునామా మనదే కావాలని నియమం ఏమీ లేదు! ఖమ్మం యార్డులో ఉన్న మిర్చిని గుంటూరు యార్డుకు పంపాలంటే జూలూరుపాడులో కూర్చున్న వ్యాపారి రెండు ఫోన్లు చేస్తాడు, లారీ ఆయన ఇంటి ముందుకు రాదు. 1985 అక్టోబర్‌లో జాన్ పోస్టెల్, జాయిస్ రెనాల్డ్స్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 959లో ఈ ఏర్పాటుకు ప్రత్యేకంగా బొమ్మే గీశారు.

పిల్లాడికి నోటితో చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. ల్యాబ్‌లో రెండు కంప్యూటర్లలో వీఎస్‌ఎఫ్‌టీపీడీ అనే ఎఫ్‌టీపీ సర్వర్ పెట్టి, మూడోదాంట్లో రెండు టెల్‌నెట్ కిటికీలు తెరిచాం. సాఫ్ట్‌వేర్ సాయం లేకుండా మనమే చేత్తో కొట్టాలి, అప్పుడే లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అయ్యాక మొదటి సర్వర్‌కు పీఏఎస్‌వీ అని కొట్టాం. "నేను తలుపు తీసి కూర్చుంటా, రావలసినవాళ్లు రావచ్చు" అని దానర్థం. 227 అన్న కోడ్‌తో పాటు ఆరు అంకెలు వచ్చాయి: 192, 168, 1, 5, 195, 80. మొదటి నాలుగూ ఐపీ చిరునామా. చివరి రెండూ పోర్టు. పోర్టు నంబర్ ఒక బైటులో పట్టదు కాబట్టి రెండు ముక్కలు చేస్తారు. 195ను 256తో గుణించి 80 కలిపితే సరిగ్గా 50,000. బోర్డు మీద ఈ గుణకారం వేస్తుంటే పిల్లలు నాకన్నా ముందే జవాబు చెప్పేశారు.

ఇప్పుడు అవే ఆరు అంకెల్ని రెండో కిటికీలో, రెండో సర్వర్‌కు పోర్ట్ అన్న ఆదేశం పక్కన పెట్టాం. "నువ్వు ఫైలు పంపాల్సింది ఈ చిరునామాకు" అని చెప్పడం అన్నమాట. తర్వాత మొదటిదానికి స్టోర్ (వచ్చే ఫైలు దాచుకో), రెండోదానికి రెట్ర్ (ఫైలు తీసి పంపు). రెండు కిటికీల్లోనూ 150 పడింది, అంటే బదిలీ మొదలైంది. స్విచ్ మీద ఆ రెండు యంత్రాల లైట్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. మేం కూర్చున్న యంత్రం లైటు మాత్రం ఎప్పుడో ఒకసారి మినుకుమంటోంది. కాసేపటికి రెండింట్లోనూ 226, పని పూర్తయింది. మా కంప్యూటర్ మీదుగా ఆ ఫైలులో ఒక్క బైటు కూడా పోలేదు.

ఈ పద్ధతికే ఎఫ్‌ఎక్స్‌పీ అని పేరు. ఫ్లాష్‌ఎఫ్‌ఎక్స్‌పీ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇదే పనిని మౌస్‌తో చేయించాయి.

అయితే మా ల్యాబ్‌లో అది నడవడానికి ముందు సెట్టింగుల్లో పీఏఎస్‌వీ ప్రామిస్‌క్యువస్, పోర్ట్ ప్రామిస్‌క్యువస్ అన్న రెండింటికీ 'ఎస్' పెట్టాల్సి వచ్చింది. అవి మామూలుగా మూసే ఉంటాయి, అందుకు గట్టి కారణం ఉంది. చిరునామా ఎవరిదైనా ఇవ్వొచ్చన్నప్పుడు దొంగ కూడా ఇవ్వొచ్చు. ఏదో కంపెనీ మెయిల్ సర్వర్ చిరునామా, 25వ పోర్టు ఇస్తే, ఎఫ్‌టీపీ సర్వర్ అమాయకంగా వెళ్లి ఆ తలుపు తడుతుంది. అవతలివాళ్లకు కనిపించేది ఎఫ్‌టీపీ సర్వర్ చిరునామాయే, దొంగది కాదు. దీన్నే బౌన్స్ దాడి అన్నారు. 1995లో హాబిట్ అన్న మారుపేరుతో ఒకాయన దీన్ని వివరంగా రాశారు. 1997లో కంప్యూటర్ భద్రత చూసే సెర్ట్ సంస్థ హెచ్చరిక వచ్చింది. సర్వర్లు ఒక్కొక్కటే "ఆదేశం ఇచ్చినవాడి చిరునామాకే పంపుతా" అని గిరి గీసుకున్నాయి. ఆ జాగ్రత్త తప్పనిసరే. కానీ అంత అందమైన ఏర్పాటును మూసేయాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధే.

తర్వాతి కథ వేగంగా నడిచింది. పాస్‌వర్డ్‌ను దాచకుండా పంపే ఎఫ్‌టీపీ స్థానంలోకి అన్నీ గుప్తంగా పంపే ఎస్‌ఎస్‌హెచ్ కుటుంబం వచ్చింది. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ ఎఫ్‌టీపీని వదిలేశాయి. అదే ఏడాది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.7లో, ఆ కుటుంబంలోనే ఫైళ్లు కాపీ చేసే ఎస్‌సీపీ కూడా, రెండు దూరపు యంత్రాల మధ్య ఫైలు పంపమంటే, మన యంత్రం మీదుగానే తిప్పడం మొదలుపెట్టింది. పాత దారి కావాలంటే ప్రత్యేకంగా అడగాలి.

బయట కూర్చుని రెండు సర్వర్లను కలిపే మూడో మనిషి మాత్రం పూర్తిగా పోలేదు. జెనీవాలోని సెర్న్ పరిశోధన కేంద్రం ప్రయోగాల డేటా ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ లాంటి కేంద్రాలకు చేరాలంటే, ఎవరి డెస్క్ మీది యంత్రం మీదుగానో తిప్పడం కుదిరే పని కాదు. మొదట గ్రిడ్‌ఎఫ్‌టీపీ ఆ పని చేసింది, ఇప్పుడు హెచ్‌టీటీపీలో కాపీ అన్న ఆదేశం చేస్తోంది. ఈసారి ఉత్త చిరునామా ఇస్తే సరిపోదు. ఏ ఫైలు, చదవడానికా రాయడానికా, ఎంతసేపటి వరకు అన్నది రాసి ఉన్న టోకెన్ కూడా చూపిస్తేనే అవతలి సర్వర్ తలుపు తీస్తుంది.