కొత్తరెడ్డిపాలెంలో యూదుల సమాజ మందిరం

చేబ్రోలు: చతుర్ముఖ బ్రహ్మ ఆలయంతో పేరుపొందిన గుంటూరు జిల్లా చేబ్రోలు చెంతనే కొత్తరెడ్డిపాలెం గ్రామం ఉంది. తెలుగు మాట్లాడే యూదుల సమాజ మందిరం ఉన్న ఊరుగా దీని పేరు విదేశాల వరకు వెళ్లింది. 1991లో వెలసిన ఈ చిన్న మందిరాన్ని ఆశ్రయించుకొని ఉన్నవి సుమారు 40 కుటుంబాలు మాత్రమే.

వీరు తమను 'బెనె ఎఫ్రాయిము' అని పిలుచుకుంటారు. అంటే ఎఫ్రాయిము సంతతివారని అర్థం. క్రీస్తు పూర్వం 8వ శతాబ్దంలో అష్షూరు రాజులు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని జయించి, అక్కడి గోత్రాలవారిని చెరపట్టుకుపోయారు. అలా చెదిరిపోయినవారిలో తమ పూర్వీకులు ఉన్నారని, దేశాలు దాటి చివరకు తెలుగునాడు చేరారని వీరి విశ్వాసం.

వీరు మాదిగ కులస్థులు. అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులుగా ఉండేవారు. బోధకుడైన ష్ముయేల్ యాకోబి 1980వ దశకంలో యెరూషలేము వెళ్లివచ్చిన తరువాత యూదు మతం వైపు మళ్లారు. ఆయన, సోదరుడు సాదోక్ యాకోబి కలిసి ఈ సమాజాన్ని నిలబెట్టారు. పిల్లలకు, పెద్దలకు హెబ్రీ అక్షరాలు నేర్పారు. పస్కా మొదలైన పండుగలు జరపసాగారు.

యూదులకు విశ్రాంతి దినం శుక్రవారం పొద్దుగూకినప్పటి నుంచి శనివారం పొద్దుగూకే వరకు. ఆ సమయంలో పని చేయరాదు. అయితే వీరిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. నాట్లు, కోతల రోజుల్లో శనివారం పని మానితే ఆ నాటి కూలి పోయినట్టే. అందువల్ల ఈ నియమాన్ని పూర్తిగా పాటించడం అందరికీ సాధ్యం కాలేదు.

పూర్వం నుంచీ యూదులమేనని చూపే పాత వ్రాతలేవీ వీరి వద్ద లేవు. మణిపూర్, మిజోరం ప్రాంతాల బ్నే మెనషె వారిని ఇశ్రాయేలు సంతతిగా అక్కడి మతపెద్ద 2005లో అంగీకరించారు. వారిలో వేలమంది ఆ దేశం వెళ్లి స్థిరపడ్డారు. కొత్తరెడ్డిపాలెం వారికి అటువంటి గుర్తింపు లభించలేదు. వీరి జీవితంపై పరిశోధకులు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన గ్రంథం 2013లో వెలువడింది.

కాగితం మీద రుజువు అడిగేవారికి వీరు చూపగలిగింది తక్కువే. కూలి డబ్బులతో బ్రతుకుతూ, ఎవరూ పిలవకపోయినా తమ దేవుని దినాన్ని తలచుకోవడానికి ఒక చోటు నిలుపుకున్నారు. ఆ చోటే ఈ మందిరం.