వంకాయలో పురుగు, వంటింట్లో సందేహం

గుత్తివంకాయకి కాయలు ఏరేటప్పుడు చిల్లుందేమోనని తిప్పి తిప్పి చూస్తాం కదండీ! ఆ పురుగు కాయలోపల దాక్కుంటుంది. రైతు కొట్టే మందేమో పైపైనే ఆగిపోతుంది. అందుకని మట్టిలోని ఓ బాక్టీరియా జన్యువుని వంగమొక్కలో పెట్టి బీటీ వంకాయ తయారుచేశారు. కొరికిన పురుగు చస్తుంది. మనుషులకేం కాదన్నారు. 2009 అక్టోబరులో కేంద్ర కమిటీ సరేనంది కూడా!

మర్నాటేడు మంత్రి జైరాం రమేష్ హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో జనం మాట విని, ఫిబ్రవరి 9న దాన్ని ఆపేశారు. కంపెనీ సరుకుని కంపెనీయే పరీక్షించుకుంటే ఎలా అన్న ప్రశ్న అప్పుడు గట్టిగా వచ్చింది. న్యాయమే! కూరెలా ఉందని వండినామెనే అడుగుతామా?

బంగ్లాదేశ్‌లో మాత్రం 2014 నుంచి పండిస్తున్నారు, మందుల ఖర్చూ తగ్గింది. ఇక్కడ ఆ విత్తనం వద్దన్నాం సరే, పురుగుమందులు మాత్రం మన కూరలోకి వస్తూనే ఉన్నాయి. వాటినెవరు పరీక్షిస్తున్నారో కూడా అడగాలిగా!